నెమ్మదిగా తిన్న పదకొండు రోజులు

బస్సు డ్రైవరుకి కడుపులో పుండు పడింది. ఇరవై రెండేళ్లుగా రెండు ట్రిప్పుల నడుమ దొరికే పావుగంటలో, నమలకుండా మింగేస్తూ వచ్చిన మనిషి.

"మందులు సగం పనే చేస్తాయి," అంది డాక్టరమ్మ. "ఫోను, టీవీ కట్టేసి, ఒక్కో ముద్దా బాగా నమిలి, రుచి తెలుసుకుంటూ తినండి."

డిపోలో మొదటిరోజే నవ్వులు. "ఏంటన్నా, అంతసేపు నములుతున్నావు? పళ్లు అరిగిపోతాయి జాగ్రత్త!" అన్నాడు కండక్టరు. డ్రైవరూ నవ్వేశాడు. నాలుగోరోజు బండి ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. టైమ్‌కీపరు మెమో చేతిలో పెట్టి, "కడుపు నీదే, టైము మాత్రం నీది కాదు," అన్నాడు. మధ్యాహ్నం డబ్బా మళ్లీ గబగబా మింగడమే అయింది. ఇక మిగిలింది ఇంటి భోజనం.

టీవీ కట్టేశాడు. ఎప్పుడూ వంటింట్లో నిలబడి తినే భార్యని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. కూరలో వెల్లుల్లి ఉందని అప్పుడే తెలిసింది.

"బాగుంది," అన్నాడు.

"రోజూ వేసేదే," అంది.

ఆమె ఒకవైపే నములుతోందని గమనించాడు.

"ఆ పన్నెప్పుడు పోయింది?"

"మూడేళ్లయింది."



పదకొండో రోజు ఆమె తినడం ఆపేసింది. "ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోరుగా? మీరలా నిదానంగా తింటుంటే నాకు ఊపిరాడట్లేదండీ. ఇన్నేళ్లూ ఐదు నిమిషాల్లో లేచెళ్లిపోయేవారు, నా మానాన నేను తినేదాన్ని. దానికే అలవాటుపడిపోయాను. ఇప్పుడు కొత్తగా నన్ను చూస్తూ కూర్చుంటే ఏం చేసుకోను?"

"డాక్టరమ్మ చెప్పింది కదా..."

"మీ కడుపుకి చెప్పింది. నాకు కాదు."



మర్నాడు ఆమె కంచం వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను ఒక్కడే కూర్చుని రెండు ముద్దలు నమిలి చూశాడు. రుచి తెలుస్తూనే ఉంది. అదే భరించలేకపోయాడు. టీవీ పెట్టుకుని, మిగతాది గబగబా మింగి లేచాడు.

నెల తిరక్కుండానే మంట మళ్లీ మొదలైంది.

"నెమ్మదిగానే తింటున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"మీరు చెప్పినట్టేనండీ," అన్నాడు.

ఆమె ఇంకో మందు రాసిచ్చింది.