సువార్త ఆరేసిన బూట్లు

శనివారం పొద్దున సువార్త కుంకుళ్లు నానబోసిందంటే, గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల వరస మొత్తానికీ తెలిసేది, ఆమె భర్త అంద్రెయ బూట్లకు స్నానమని. బొగ్గుబాయి టీములో వాలీబాల్ ఆడే తెల్ల బూట్లవి. పాత బ్రష్షుతో మట్టి రాలగొట్టి, కుంకుడు రసంతో రుద్ది, మరకల మీద నిమ్మచెక్క తిప్పి, తడి మీదే సుద్దముక్క పూసి దండేనికి వేసేది. ఎంత ఆరినా, అంద్రెయ బాయిలో దిగి పని మొదలుపెట్టగానే ఇక్కడ బూట్లకు చెమట పట్టేది. ఆ వరసలో అదెవరికీ వింత కాదు.

"నీ పెనిమిటి కూసున్నట్టున్నడే, ఒక్క చుక్క రాల్తలేదు" అని పక్కింటి లింగవ్వ ఎక్కిరించేది.

"బువ్వ తినే యాళ్లక్కా" అనేది సువార్త.

ఒక శనివారం నాటికి వాలీబాల్ పోటీలు దగ్గరపడ్డాయి. బూట్లు కంపు కొడితే పదిమందిలో మొగడికి నామోషీ అని, సువార్త రెండింటి నిండా తినే సోడా కూరింది.

ఆ మధ్యాహ్నమే సైరన్ మోగింది. బాయిలో కప్పు కూలింది. అందరూ బయటపడ్డారు, అంద్రెయ తప్ప.

అంద్రెయ కోసం తవ్వేవాళ్లకు పెద్ద రాయమల్లు. ఇంకా తవ్వాలా వద్దా అంటే ముందు బూట్లే చూడాలి గదా, పొద్దుగూకేలోపు ఇంటికొచ్చాడు. దండెం మీదివి తడిమి, తలమీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆరిపోయినయి చెల్లె. కప్పు ఇంక రాలుతనే ఉన్నది. నా పోరగాండ్లను పైకి తీస్కొస్త."

అత్త సారవ్వ నేల మీద పడి గుండెలు బాదుకుంది. సువార్త మోకరించి "ప్రభువా" అంది. బూటును మొహానికి అదుముకుంది. మొగడి వాసన లేదు. ముక్కులోకి తెల్లపొడి పోయి తుమ్మొచ్చింది.

"అత్తా! సోడా తాగిందత్తా! ఆయన చెమటంత సోడా తాగింది!"

బూట్లు దులిపి, బకెట్లో ముంచి ముంచి కడిగి, రొమ్ముకు హత్తుకుని బాయి దాకా ఉరికింది. అప్పటికే తవ్వేవాళ్లు పైకొస్తున్నారు.

"రాయమల్లన్నా, ఆగు! తడున్నది సూడు!"

"ఇప్పుడే కడిగినవు గద చెల్లె. నీళ్లేమో."

"నాలుక మీద ఏసుకో."

రాయమల్లు కుడి బూటులో వేలు ముంచి నాకాడు. ఎడమదాంట్లో ముంచి నాకాడు. మళ్లీ నాకాడు.

"ఎడమది ఉప్పగున్నది" అని టోపీ పెట్టుకున్నాడు. కుడిదాని మాట ఎత్తలేదు.

తెల్లారేసరికి అంద్రెయను పైకి తెచ్చారు. నలిగిన కుడికాలిని దవాఖానలో మోకాలి దాకా తీసేశారు.

ఇప్పుడు అంద్రెయది బాయిలో దిగేవాళ్లకు లైట్లిచ్చే గదిలో కూర్చునే డ్యూటీ. ఆ ఇంట్లో బజ్జీలకు కూడా సోడా కొనరు. శనివారం మాత్రం కుంకుళ్లు నానుతూనే ఉంటాయి.

"కుడిదాన్నెందుకే గట్ల రుద్దుతవు? దానికి మన్ను లేదు, చెమట లేదు" అంటుంది సారవ్వ.

"జతను ఇడదీస్తమా అత్తా" అని సువార్త రెండింటికీ సుద్ద పూస్తుంది.