మందు కొట్టిన మల్లెపొద

మల్లెపొదకు నీళ్ళు పోస్తూ రాఘవులు ఒక్క మొగ్గనూ తాకలేదు. చెంబు బాగా కిందికి వంచి పాదులోనే పోశాడు. నిన్నటిదాకా ఊదారంగు తిరిగి, చిల్లులు పడి రాలిపోతూ వచ్చిన మొగ్గలు ఇవాళ నిలిచాయి. పాదులో సన్నటి ఆకుపచ్చ పురుగులు చచ్చి పడి ఉన్నాయి. వాటిని కాలి బొటనవేలితో మట్టిలోకి తొక్కాడు.

చిన్న పెరడు. కనకాంబరాలు, గోడవార ఒక నందివర్ధనం, ఈ మల్లె. అన్నీ అతని భార్య కోటిరత్నం పెంచినవే. ఏటా పుష్యమాసంలో ఆమె మల్లెకు ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు మాన్పించేది. అట్లా ఎండగడితేనే ఎండలు ముదిరేసరికి విరగబూస్తుంది. ఈ ఏడు ఆమె వసారాలో మంచం మీద నుంచి చెబుతుంటే అతనే దూశాడు. "అంత మోటుగా లాగమాకయ్యా, దానిక్కూడా నొప్పుంటది" అని నవ్వింది అప్పుడు. తర్వాత నవ్వడానికి ఊపిరి చాలలేదు. గుండెకు నీరు పట్టిందని, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమని గుంటూరులో డాక్టరు చెప్పాడు. ఆమె తిండి ఏదీ అడగలేదు. మొదటి మల్లెలు తల్లో పెట్టుకుంటానంది.

"ఏమయ్యా, నాలుగు కోసుకురా" అంది వసారాలోంచి.

"ఇంకా ముదర్లేదు."

"ఇక్కడికే తెల్లగా కనపడతన్నాయిగా."

"రేపు కోస్తాలే."

రేపు కూడా కొయ్యలేడు. నిన్న సాయంత్రం ఆమె కునుకు తీస్తున్నప్పుడు, బాపయ్యగారి మిరపతోటలో మిగిలిన పురుగుమందును పంపులోనే ఇంటికి తెచ్చి పొదంతా తడిపాడు. ఎవరి చేలోనైనా పురుగు కనపడితే అతను చేసేది అదే. పెరట్లోనూ చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది. పంపు కడుగుతున్నప్పుడు గానీ, ఆ మొగ్గలు ఆమె చెంపకు తగులుతాయన్న సంగతి గుర్తురాలేదు.

పత్తికీ మిరపకీ కూలికి మందు కొట్టడమే అతని బతుకు. ఇత్తడి పంపులు పోయి ప్లాస్టిక్ పంపులు వచ్చినా, వీపు మీద పట్టీలు ఒరుసుకుని కాచిన కాయలు అట్లాగే ఉన్నాయి. పెళ్ళయిన కొత్తల్లోనే కోటిరత్నం ఒక కట్టడి పెట్టింది: పంపు పెరట్లోకి రాకూడదు; కాలవలో మునిగి, బట్టలు మార్చుకుని గానీ అతనూ రాకూడదు. నిన్నటిదాకా అతను ఆ మాట దాటలేదు.

మందు విరగాలంటే వారమన్నా పడుతుంది. వారం ఆమె ఉంటుందా? ఆ ప్రశ్న ఎవరో పక్కనుంచి అడిగినట్టు అనిపించి, చెంబు బోర్లించి లేచాడు.

రోడ్డు మీద బాపయ్య సైకిల్ ఆపాడు. "ఏరా రాఘవులూ! చివరి కోత కాయకి నల్లి పట్టి చస్తంటే పూలకి నీళ్ళు పోసుకుంటన్నావా? తోటమాలి ఉద్యోగమేమన్నా వచ్చిందా?"

"వస్తన్నానండి."

పక్కింటి నసీమున్నీసా టీ గ్లాసుతో వచ్చి మంచం పక్కన కూర్చుంది. "నువ్వెళ్ళన్నా. వదిన దగ్గర నేనుంటాగా."

చేలో సాళ్ళ వెంట నడుస్తూ, ముక్కుకు కట్టిన గుడ్డ లోపల అతను మాటలు పేర్చుకున్నాడు. చెబితే తిడుతుంది. "బుద్ధుందా నీకు?" అంటుంది. ఆమె తిట్టి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోబోతే అందలేదు. మెల్లగా మాట్లాడటం, సరేలే అనడం రోగంతోపాటే వచ్చాయి. ఆ సరేలే అతన్ని భయపెడుతోంది. సాలు చివర పంపు దించినప్పుడు తనకు కావలసింది తేలింది. ఆమె తిట్టాలి. ఊపిరి చాలకపోయినా సరే, గట్టిగా తిట్టాలి. సాయంత్రం చెప్పేస్తాననుకున్నాడు. ఎండ వాలకముందే కాలవలో మునిగి, తల తుడుచుకుంటూనే ఇంటిదారి పట్టాడు.

వసారా నిండా ఆడవాళ్ళున్నారు. మంచం మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కింద గుడ్డ కట్టారు.

"ఇప్పుడేనన్నా" అంది నసీమున్నీసా. "నిద్రలోనే పోయింది. నీకోసం మనిషిని పంపించా."

అతను దారిలో ఎవరినీ చూడలేదు. చూసినా తెలిసేది కాదేమో.

పెరట్లో అతని తమ్ముడి భార్య అంకమ్మ మొగ్గలు కోసి చెంగులో వేసుకుంటోంది.

"కొయ్యొద్దు!" అని అరిచాడు.

"అదేంది బావగారూ? పసుపుకుంకాలతో పోయింది మా అక్క. తలనిండా పూలు పెట్టొద్దా?"

"మందు కొట్టాను."

వసారాలో ఏడుపు ఆగింది. అంకమ్మ తన చేతులు చూసుకుని, చెంగు పొద మొదట్లో దులిపి, చీరకు అరచేతులు రుద్దుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి అంది: "అక్కనింకేం చేస్తది బావగారూ, అది?"

ఎవరూ ముందుకు రాలేదు. అతనే కోశాడు. కింద పడ్డవీ ఏరాడు. మాల కట్టడం అతనికి రాదు. విడిపూలనే దోసిలితో తెచ్చి, జుట్టులోకి ఒక్కొక్కటే దోపాడు. కొన్ని జారి చెంప మీద పడ్డాయి. గబుక్కున చెయ్యి చాచి తుడవబోయి, మధ్యలో ఆగిపోయాడు. "బుద్ధుందా నీకు" అన్నాడు మెల్లగా, ఆమె గొంతులా వస్తుందేమోనని. రాలేదు.

ఆమెను వాకిట్లోకి మోసుకెళ్ళాక మంచాన్ని గోడకు నిలబెట్టడానికి వంగాడు. మంచం కింద ఒక స్టీలు గిన్నె ఉంది. రేపు పూలు కట్టుకోవడానికి ఆమె సన్నగా చీల్చి వేసుకున్న అరటినార, అందులో నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతోంది.