ఈల తర్వాత బెత్తం

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, పైన తెల్లటి పూత, కడుపులో బెరడుతో చేసిన చిన్న గోళీ. మీ మనుషులంటే నాకు గిట్టదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

పుట్టినప్పుడు ఇలా లేను. కార్ఖానాలో నా కడుపులో గోళీ వేసిన ఆవిడ, మోగుతున్నానో లేదోనని ఒకసారి ఊదింది. పక్కనున్న ఆమె కూతురు కిలకిలా నవ్వింది. నా శబ్దానికి ఒక పిల్ల నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూలుకు వచ్చాను. ఆటల మాస్టారు గంగునాయుడు గారు నన్ను మెడలో వేసుకున్నారు. ఆయన కుడిచేతిలో బెత్తం. పొద్దున్నే ప్రార్థనకు నన్ను ఊదేవారు, వరుసలోకి ఆలస్యంగా వచ్చిన వాళ్ల అరచేతి మీద కొట్టేవారు. ఎవరూ ఆలస్యం కాని రోజున వరుస వంకరగా ఉందని కొట్టేవారు. ఈల, బెత్తం. ఈల, బెత్తం. నెల తిరిగేసరికి బెత్తం లేవకముందే చేతులు వాటంతటవే చాచుకునేవి.

"సూసారా సార్, నోరు మెదపక్కర్నేదు," అని హెడ్మాస్టారికి గొప్పగా చూపించేవారు. అలా పదకొండేళ్లు.

ఎనిమిదో తరగతిలో ఎర్నమ్మ అనే పిల్ల ఉండేది. కాలవ గట్టు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తి బడికొచ్చేది. క్రీడా పాఠశాలలో సీటొస్తే తిండీ చదువూ అక్కడే. రాకపోతే వేసవి నుంచి అమ్మతో జీడి బట్టీకి, వేళ్లు నల్లబడేదాకా పిక్కలు కొట్టడానికి. గంగునాయుడు గారే ఆమెను ఎంపికకు తీసుకెళ్లారు. నేనూ మెడలో వెళ్లాను.

పరుగు మొదలెట్టమని అక్కడి అధికారి ఈల వేశారు. అది నేను కాదు, నాకు చుట్టం కూడా కాదు. కానీ దెబ్బలు తిన్న ఒంటికి ఏ ఈలైనా ఒకటే. మిగతా ఏడుగురూ దూసుకుపోయారు. ఎర్నమ్మ గీత మీదే నిలబడి కుడి అరచెయ్యి చాచింది.

"ఏటే, పెసాదం కావాలేటి?" అని ఎవరో అరిచారు. మైదానమంతా నవ్వింది.

"నా పరువు తీసీసినావు గదే!" అన్నారు మాస్టారు.

"నానేటి సెయ్యను సార్, సెయ్యే ఎల్లిపోనాది."

సైన్సు టీచరు తవిటమ్మకు ఈ సంగతి తెలిసింది. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది ఆమే. సూటిగా ఆయన దగ్గరికే వచ్చింది.

"గంట కొట్టి కూడు పెడితే కుక్కకు గంటకే చొంగ కారిందని బీఈడీలో చదివాను మాస్టారూ. మీరు ఈలేసి దెబ్బ పెట్టారు. పిల్ల తప్పేముంది? బాగా నేర్చుకుంది."

"పుస్తకం ఇప్పి నాకు సెప్పకండమ్మా. బెత్తం నేపోతే ఈళ్లు పశువులు."

"పశువులకైనా మేత చూపించి నేర్పుతారు. ఆ ఈల నాకివ్వండి. మూడు వారాల్లో రెండో విడత ఉంది, అదే ఆఖరు."

రోజూ సాయంత్రం ఆమె ఎర్నమ్మను గీత మీద నిలబెట్టి నన్ను మెల్లగా ఊదేది. చెయ్యి సగంలో ఆగితే వేరుశనగ ఉండ. పాదం కదిలితే ఉండ. నాలుగడుగులు వేస్తే ఉండ. ఈల వెంట దెబ్బ పడటం శాస్త్రీయ నిబంధనమట, చేసిన పనికి ఉండ దక్కడం కార్యసాధక నిబంధనమట. పేర్లు పెట్టడంలో మీకు మీరే సాటి. పదిహేనో రోజుకు చెయ్యి లేవలేదు. కాళ్లు లేచాయి.

ఈలోగా ఈల లేక ప్రార్థనలో గోల పెరిగింది. గంగునాయుడు గారు ఓర్చుకోలేకపోయారు. ఎంపికకు ముందురోజు పొద్దున టీచరు బల్ల మీంచి నన్ను లాక్కుపోయి, ఊది, వరుస మొత్తాన్నీ కొట్టారు. ఎర్నమ్మనూ కొట్టారు. గోల ఆగింది. ఆయన ముఖం ఎంత ప్రశాంతంగా మారిందో నేను దగ్గరగా చూశాను. ఆ నిశ్శబ్దమే ఆయనకు వేరుశనగ ఉండ. పదకొండేళ్లుగా కొట్టినప్పుడల్లా దక్కుతోంది, అందుకే మళ్లీ మళ్లీ కొట్టారు. పిల్లలకు తాను నేర్పుతున్నాననుకున్నారు పాపం.

మర్నాడు ఎంపికలో, మాస్టారి మెడలోంచి నేను చూస్తుండగా, అధికారి ఈల మోగింది. ఎర్నమ్మ చెయ్యి చాచుకుంది. కానీ కాళ్లు కూడా కదిలాయి. ఆ పిల్ల చాచిన చెయ్యి చాచినట్టే, అరచెయ్యి ఆకాశానికి చూపిస్తూ, వంద మీటర్లూ పరిగెత్తింది. ముగ్గురిని తీసుకుంటారు. మూడోదిగా వచ్చింది.

క్రీడా పాఠశాలకు వెళ్లేముందు ఆటల గదిలోకి వచ్చి, నన్ను గుమ్మం రాయి మీద పెట్టి, ఇంకో రాయితో చదును చేసింది. అడ్డు చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఇప్పుడు గాలిపోయిన వాలీబాల్ పక్కన, తుక్కులో ఉన్నాను. కిటికీలోంచి ప్రార్థన వినిపిస్తుంది. గంగునాయుడు గారు ప్లాస్టిక్ ఈల కొనుక్కున్నారు. అది మోగుతుంది. ఆ తర్వాత ఏ శబ్దం వస్తుందో నాకు తెలుసు. అది రాకముందే, ఊదడానికి వీల్లేని నా ఒళ్లు బిగుసుకుంటుంది.