రెండో దెబ్బ

నేను ఒక కత్తిని. పొడవు మూరెడు, పిడి తుమ్మకర్రది, కొన కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. మనుషులు నా అంచును చూసి ఒక అడుగు వెనక్కి వేస్తారు. నాకు తెలిసింది మాత్రం పిడి సంగతే. ఎవరైనా నన్ను పట్టుకోగానే వాడు కోపంగా ఉన్నాడో, ఆకలిగా ఉన్నాడో, భయపడుతున్నాడో ఆ పట్టును బట్టి చెప్పేస్తాను. మనుషులు ఒకరి గురించి ఒకరు ఏళ్ల తరబడి తెలుసుకోలేనిది నాకు ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

నేను పుట్టిందే దెబ్బల్లో. కర్నూలు దారిలో బోల్తా పడి ఇద్దరిని చంపిన లారీ ఒకటుంది. దాని కమాను పట్టీని పాలమూరు జిల్లాలోని మా ఊరి కమ్మరి మోనాచారి కొని తెచ్చాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, పొద్దు గూకే దాకా సమ్మెటతో బాదాడు. నీళ్లలో ముంచినప్పుడు నేను పెట్టిన కేక వీధి దాకా వినిపించిందట.

నన్ను మొదట కొన్నవాడు మల్లయ్య. ఆయన పటేలు మనిషి. పటేలు ఎవరిని కొట్టమంటే వాళ్లను కొట్టడమే ఆయన కొలువు. ఒకసారి వాడలోని ఆనందం అనే మనిషి మేకలు పటేలు చేలో పడ్డాయి. ఆనందం చేతిని మొద్దు మీద పెట్టించి మల్లయ్య నన్ను ఎత్తాడు. మూడు వేళ్లు తెగి దుమ్ములో పడ్డాయి. ఒక్క వేటే సరిపోయిందని అప్పట్లో నేను మిడిసిపడ్డాను కూడా. ఏం చేయను, కొత్త పదును.

ఆ ఏడే మల్లయ్యకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పటేలు తలుపు మూసుకున్నాడు. అయినవాళ్లు గడప దాటి లోపలికి రాలేదు. వచ్చింది ఆనందం ఒక్కడే. మిగిలిన రెండు వేళ్లతో ముంత పట్టుకుని నాలుగు రోజులు గంజి తాగించాడు. అతను క్రైస్తవుడు. వాళ్ల మిషను దెబ్బకు దెబ్బ కూడదని, ఆయుధం ముట్టకూడదని గట్టిగా బోధించే మిషను. లేచి తిరగగానే మల్లయ్య వాగులో బాప్తిస్మం తీసుకుని ప్రభుదాసు అయ్యాడు. మొదటి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని గుడికి పోయి, గుమ్మం ముందున్న పెద్ద బండ మీద పెట్టి, ఒట్టి చేతులతో లోపలికి వెళ్లాడు. ఆయన్ను చూసి అందరూ అలాగే చేశారు. అదే ఆచారమై కూర్చుంది. కత్తులు, గొడ్డళ్లు, కర్రలు అన్నీ బండ మీదే. లోపల శత్రువులను ప్రేమిస్తామని పాడేవాళ్లు. బయటికి వచ్చి ఎవరి కత్తి వాళ్లు వెతుక్కుని పోయేవాళ్లు.

ప్రభుదాసు పోయాక నేను ఆయన కొడుకు జకరయ్య చేతికి వచ్చాను. జకరయ్య మేకల కాపరి. నాతో కొమ్మలు కొట్టి మేకలకు వేసేవాడు. నెమ్మదైన పట్టు, నాకు చాలా ఇష్టమైన పట్టు. మాటల్లో మాత్రం మొండివాడు. ఒకనాడు గుడి అరుగు మీద మా పాస్టరు గిద్యోను అయ్యగారిని పట్టుకుని వదల్లేదు.

"ఆడమనిషి మీదికి ఎవడన్న కత్తి పట్టుకొని వస్తే గూడ చేతులు కట్టుకొని సూడాల్నా అయ్యగారూ?"

"చేతులు కట్టుకోమని ఎవలన్నరు? అడ్డం నిలబడు. ఆ దెబ్బ నువ్వు తిను."

"నన్ను పడగొట్టినంక?"

అయ్యగారు బైబిలు తెరిచాడు. ప్రభువును పట్టుకోను భటులు వచ్చిన నాడు శిష్యుడొకడు ఒకడి చెవి నరికితే, ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టమన్న సంగతి, తెగిన చెవిని బాగుచేసిన సంగతి చెప్పాడు. చివరికి, "నువ్వు అడిగినదానికి నా కాడ జవాబు లేదు జకరయ్యా. లేదనే చెప్తున్న" అన్నాడు. నేను చూసిన పెద్దమనుషుల్లో తనకు తెలియదని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే.

జవాబు వెతుక్కునే తీరిక వాళ్లకు దొరకలేదు. ఊరి పక్కనుంచి పెద్ద రోడ్డు పడింది. రోడ్డును ఆనుకుని క్రైస్తవుల సమాధుల తోట ఉంది. పటేలు కొడుకు దాని మీద కన్నేశాడు. అయ్యగారు ఇచ్చేది లేదన్నాడు. ఒక ఆదివారం పొద్దున, లోపల ఆరాధన జరుగుతుండగా పటేలు కొడుకు పంపిన నలుగురు వచ్చారు. వాళ్లలో ముందు నడుస్తున్నవాడు ఈరప్ప, చిన్నప్పుడు జకరయ్యతో కలిసి మేకలు కాసినవాడే. వాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు. నాలుగు తగిలించి బెదిరించి పోదామని వచ్చారు, అంతే. నాకు ఆ సంగతి కచ్చితంగా తెలుసు, ఎందుకంటే మమ్మల్ని చూసి వాళ్లే తెల్లబోయారు. బండ మీద పదకొండు కత్తులు, మూడు గొడ్డళ్లు ఎండలో మెరుస్తూ వరసగా ఉన్నాం. ఈరప్ప కర్ర పారేసి నన్ను తీసుకున్నాడు. చెయ్యి చెమటతో తడిసి ఉంది. వాడు భయపడుతున్నాడు.

అలికిడికి అయ్యగారు బయటికి వచ్చాడు. రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "ఎవ్వలూ చెయ్యెత్తొద్దు!" అని అరిచాడు. ఈరప్ప కళ్లు మూసుకుని నాతో ఒక వేటు వేశాడు. నేను మెడకూ భుజానికీ మధ్య దిగాను. ఎముక తగిలింది. ఈరప్ప నన్ను లాగి మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. ఆపడం వాడికి చేతకాలేదు. అయ్యగారు గడప మీద కూలిపోయాడు. నా పిడి దాకా వేడి నెత్తురు కారింది. ఆ రోజు నేను మొదటిసారి సిగ్గుపడ్డాను.

జకరయ్య గుమ్మంలోంచి దూకి ఈరప్ప మణికట్టు కొరికాడు. నేను జారి జకరయ్య చేతిలోకి వచ్చాను. ఈరప్ప బండ మీది గొడ్డలి అందుకున్నాడు. అప్పుడే అయ్యగారి భార్య రూతమ్మ పరుగున వచ్చి భర్త మీద పడింది. గొడ్డలి ఆమె తల మీదికి లేచింది.

మొదటి దెబ్బ అప్పుడు పడింది. నేను ఈరప్ప మోచేతిని సగం దాకా కోశాను. గొడ్డలి ఎగిరి దూరంగా పడింది. ఈరప్ప మోకాళ్ల మీద కూలబడి, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ పారిపోయారు. అంతటితో అయిపోయింది. ఇక ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

"వద్దు జకరన్నా," అన్నాడు ఈరప్ప.

నా పిడి మీద పట్టు బిగిసింది. మొదటి దెబ్బలో ఉన్న భయం అందులో లేదు. కొమ్మలు కొట్టే చెయ్యి కాదది. రెండో దెబ్బ మెడ మీద పడింది.

ఆ తర్వాత మూడేళ్లు కోర్టు సామాన్ల గదిలో, గుడ్డసంచిలో, మెడకు చీటీతో పడి ఉన్నాను. తీర్పు రోజున జకరయ్యను విడిచిపెట్టారు. తన ప్రాణం, పరుల ప్రాణం కాపాడుకోవడానికే చేశాడని తేల్చారు. అతను అర్జీ పెట్టి నన్ను విడిపించుకుంటే వకీలు నోరు వెళ్లబెట్టాడు. "ఇంకొకని చేతుల పడొద్దు సార్," అన్నాడు జకరయ్య. నన్ను తీసుకున్నప్పుడు అతని చెయ్యి వణికింది. ఇక ఆ వణుకు పోలేదు. కొమ్మ మీద వేటు గురి తప్పేది.

వాడలో జకరయ్య వీరుడైపోయాడు. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు. అయ్యగారిది చేతకానితనమని కుర్రకారు బాహాటంగానే అన్నారు. బండ మీద కత్తులు పెట్టడం మానేసి, చాపల కింద పెట్టుకుని ప్రార్థన చేయసాగారు. బండ మీద నేనొక్కదాన్నే మిగిలాను. జకరయ్య నన్ను అక్కడ పెట్టి, పక్కనే నేల మీద కూర్చునేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. నెలకొకసారి ప్రభు బల్ల ఉంటుంది, ప్రభువు పేర రొట్టె విరిచి అందరికీ పంచుతారు. కొత్త అయ్యగారు చేత్తో పిలిచేవాడు. జకరయ్య తల అడ్డంగా ఊపేవాడు. ఎంత అణకువో అని జనం మెచ్చుకున్నారు. తొమ్మిదేళ్లు అలాగే మెచ్చుకున్నారు.

తొమ్మిదో ఏట ఒక ఆదివారం రూతమ్మ రొట్టె పళ్లెం పట్టుకుని బయటికే వచ్చేసింది. ఆ రొట్టె ఎప్పుడూ ఆమే కాలుస్తుంది.

"తీస్కో జకరయ్యా. నీ వల్లనే నేను బతికున్న."

"నాకొద్దమ్మగారూ. మిమ్ముల కాపాడింది ఒకటే దెబ్బ. రెండోది..." అని ఆగిపోయాడు. "రెండోది నా కోసం ఏసుకున్న. వాడు వద్దన్నడు. నాకు ఇనపడ్డది."

రూతమ్మ నా పక్కన, బండ మీద కూర్చుంది.

"నాకు గూడ ఇనపడ్డది," అంది. "గజం దూరంల ఉన్న గద. రెండోసారి గూడ గొడ్డలి ఎత్తిండని జడ్జి ముంగల ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన. అయ్యగారు ఉంటే నా మొఖం సూడకపోవు. గా దినం నుంచి నేను గూడ ఈ రొట్టె ముట్టలే. కాలుస్త, పంచుత, ఇంటికి పోత."

లోపల పాట నడుస్తోంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఇన్నేళ్లూ ఆ నిజం నాకూ జకరయ్యకే తెలుసనుకున్నాను. నా తెలివి అంతే మరి.

"ఈరప్ప తల్లి ఇంకా ఉన్నది," అంది రూతమ్మ కళ్లు తుడుచుకుని. "ముందుగల ఆమె కాడికి పోదాం. రొట్టె యాడికీ పోదు."

పళ్లెం నా పక్కన పెట్టి, పైన కొంగు చింపి కప్పి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఆరాధన ముగుస్తోంది. జకరయ్య నుదురు చిట్లి, నెత్తురు గడ్డం దాకా కారి, చొక్కా తడిసిపోయింది. ముసలమ్మ రోకలితో కొట్టిందట. అతను కదల్లేదట. బయటికి వచ్చిన కుర్రాళ్లు అది చూసి ఒక్క ఉదుటున లోపలికి పోయి చాపల కింది కత్తులు తీశారు.

"ఎవలు కొట్టిన్రు? చెప్పు జకరన్నా!"

"కూకోండ్రి," అన్నాడు జకరయ్య. "నేను ఈరప్పను వాడు వద్దన్నంక గూడ సంపిన. కాపాడెతందుకు కాదు, సంపెతందుకే సంపిన. వాని తల్లికి చెప్పొచ్చిన. ఇప్పుడు మీకు చెప్తున్న."

"నేను కోర్టుల అబద్ధమాడిన," అంది రూతమ్మ.

కుర్రాళ్ల చేతుల్లో కత్తులు అలాగే ఉండిపోయాయి. కొత్త అయ్యగారు వచ్చి, బండ మీది పళ్లెం తీసి, ముందు రూతమ్మకు, తర్వాత జకరయ్యకు పట్టాడు. నుదుటి నెత్తురు కంట్లోకి దిగుతుంటే ఒక చేత్తో తుడుచుకుంటూ, రెండో చేత్తో జకరయ్య రొట్టె తుంచుకున్నాడు. ఆ చేతిని నేను కళ్లార్పకుండా చూశాను. అది వణకలేదు.

రొట్టె తిని, రూతమ్మ చెయ్యి పట్టుకుని, అతను మెల్లగా ఇంటికి నడిచాడు. తొమ్మిదేళ్లలో ఒక్క పూట కూడా నన్ను కనుమరుగు చేయనివాడు ఆ రోజు నన్ను బండ మీదే మరిచిపోయాడు.

మర్నాడు కూడా రాలేదు. వానలు పడుతున్నాయి, తుప్పు పడుతోంది. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను.