చాలని చెప్పడానికి వెళ్ళిన చుక్క

నేను ఒక ఇన్సులిన్ చుక్కని. మందుల షాపు ఫ్రిజ్‌లో చలికి వణుకుతూ కూర్చునే రకం కాదు. అనకాపల్లి గవర్రాజు కడుపులో, క్లోమం అనే చిన్న కార్ఖానాలో, ఆయన మొదటి బొబ్బట్టు మింగగానే వెచ్చవెచ్చగా పుట్టాను. నా ఆయుష్షు ఒక్క టిఫినుకి సరిపడా.

ఒంట్లో చక్కెరని తగిన చోటికి చేరవేస్తామని మమ్మల్ని అందరూ ఎరుగుదురు. మెదడుదాకా వెళ్ళి, ‘నాయనా, చాలు’ అని చెప్పి రావడం కూడా మా పనే. గవర్రాజు మెదడు ఏళ్ళ తరబడి ఆ మాట వినలేదు. నా ముందువాళ్ళు అరిచిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన తినేవాడు, తిన్నది పొట్టకి చేరేది, పొట్ట పెరిగేకొద్దీ మెదడుకి చెవుడు ముదిరేది. మనుషులు దీనికి ముద్దుగా ‘భోజనప్రియుడు’ అని పేరు పెట్టారు.

మేనకోడలు హైమకి పెళ్ళి కుదిరాక చిక్కొచ్చింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మొయ్యాలి. రెండో పక్క పట్టడానికి ఎవరైనా దొరుకుతారు, ఈ పక్క మాత్రం ఆయనే. బియ్యం బస్తా పెట్టి ఎత్తి చూస్తే, రెండడుగులకే కూలబడ్డాడు.

"బుట్టకి చక్రాలేయించీద్దాం లేరా," అన్నాడు బావ అప్పలనర్సు, పెళ్ళికూతురి తండ్రి.

హైమ నవ్వలేదు. "మావయ్య మోస్తేనే బుట్ట. లేపోతే నడిచొచ్చెత్తాను."

మేం వందలమంది అరిచినా వినని మెదడు ఆ పిల్ల మాట ఒక్కసారికే వింది. డాక్టరమ్మ చెప్పినట్టు గవర్రాజు రోజూ నడక మొదలుపెట్టాడు. నడిచేకొద్దీ మెదడు చెవిలో గుబిలి వదులుతోందని మావాళ్ళు చెప్పుకునేవారు.

ఇవాళే పెళ్ళి. రక్తంలో ఈదుకుంటూ పైకి వెళ్ళి, భయపడుతూనే ‘చాలు’ అన్నాను. మెదడు నా వైపు తిరిగింది. గవర్రాజు చెయ్యి ఆకు మీద అడ్డంగా వాలింది.

బావ చేతిలో బొబ్బట్టు గాల్లోనే ఆగిపోయింది. "ఏట్రా, ఒంట్లో బాగోలేదేటి?"

"బానే ఉంది బావా. సరిపోయింది."

"నీకు సరిపోడమేటిరా?" బావ గవర్రాజు భార్య వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, మీ ఆయనకి జొరమేమో చెయ్యేసి చూడు."

అంతలో పందిట్లోంచి పంతులుగారు పెళ్ళికూతుర్ని తెమ్మన్నారు. గవర్రాజు చెయ్యి కడుక్కుని బుట్ట దగ్గరికి నడిచాడు. నేనప్పటికే కాలేయం చేరాను. మా తుక్కు కొట్టు అదే. పనైపోయిన చుక్కల్ని అక్కడ ముక్కలు చేస్తారు. లోపల్నుంచే చెవులు రిక్కించాను. బుట్ట లేచింది. కదిలింది. ఆగకుండా సాగింది.

"మావయ్యా, కుదపకు. జడ ఊడొచ్చెత్తంది," అంది హైమ.

"నోర్మూసుకుని తలొంచుకు కూకో. పెళ్ళికూతురివి నువ్వు," అన్నాడాయన.

మొయ్యడమే కాదు, తిట్టడానిక్కూడా ఊపిరి మిగిలింది. ఇక నన్ను ముక్కలు చేసుకోండి.