రెండు బారల మోకు

మరియదాసును వరద ముంచలేదు గానీ, వరద తీశాక వచ్చిన సలహాలు నిండా ముంచేశాయి. తోట్లవల్లూరు దిగువన కృష్ణ రేవులో ముప్ఫయ్యేళ్లుగా పడవ నడుపుతున్న మనిషి. పొద్దున్నే పద్నాలుగు మంది కూలి ఆడవాళ్లను ఎదుటి లంకలోని పసుపు చేలకూ అరటి తోటలకూ దాటించడం, సాయంత్రం తిరిగి తీసుకురావడం, అదే అతని బతుకు. ఆ పడవ మొన్నటి వరదలో మునిగిపోయింది. నడి ఏట్లో కాదు, రేవులో కట్టేసిన చోటనే. నీళ్లు తీశాక పదిమంది పట్టి ఒడ్డుకు లాగి చూస్తే, పక్కబల్ల ఒకటి నిలువునా పగిలి ఉంది. వెనక కొస విరిగి ఉంది.

ఇక చూడండి, ఊళ్లో ప్రతివాడూ పడవల ఇంజనీరే అయిపోయాడు. ముసలి పడవ, పొయ్యిలోకి తప్ప పనికిరాదన్నారు కొందరు. బంగారం లాంటి టేకు, ఎవడైనా పారేస్తాడా అన్నారు ఇంకొందరు. బెంజ్ సర్కిల్ దగ్గర సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే కూతురు డయానా ఫోన్ చేసి, "కొత్తది ఇస్తామంటుంటే ఆలోచనేంటి నాన్నా?" అని కోప్పడింది. పావుగంట ఆగి మళ్లీ తనే చేసి, ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే తన భర్త పాతదానికే ఫైబర్ అతుకు వేయొచ్చంటున్నాడని చెప్పింది. మరియదాసు అందరికీ "అవును, నిజమే" అన్నాడు. అందరికీ అవునన్నవాడికి అన్నం ఎలా సయిస్తుంది? కంచం ముందు కూర్చుని, తిన్నాడో లేదో తెలియకుండానే లేచిపోతున్నాడు.

కొత్తది ఇస్తామన్నది హనుమయ్య. లంకలో ఆరెకరాల అరటితోట ఉన్న రైతు, మాట నాన్చే రకం కాదు. "తోటల వాళ్లమంతా కలిసి ఫైబర్ పడవ తెప్పిస్తాం దాసూ. నడిపేది నువ్వే. కాకపోతే పాతదాన్ని ముక్కలు చేయించి రేవులోంచి తీసెయ్. దాన్ని చూస్తే ఆడవాళ్లు హడలిపోతున్నారు. లేదు, బాగు చేయించుకుంటానంటావా, ఖర్చు మాదే, అదీ నీ ఇష్టమే. శనివారం పొద్దున వస్తాను, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అన్నాడు.

తేల్చి చెప్పడమే మరియదాసుకు చేతగాని పని. ఆ పడవంటే అతనికి ప్రాణం. ఎన్ని వానల్లో, ఎంత పొగమంచులో పద్నాలుగు మందినీ అవతలికి చేర్చిందో అతనికే తెలుసు. కానీ ప్రాణమైనదే కదా మునిగిపోయిందీ! రేపు నడి ఏట్లో మునిగితే? అలా అనుకోగానే కొత్తదే మేలనిపించేది. రేవుకు వెళ్లి దాని మీద చెయ్యి వేయగానే పాతదే మేలనిపించేది. మూడు రోజులు ఇలాగే ఇంటికీ రేవుకూ మధ్య తిరిగాడు.

శుక్రవారం ఇక ఉండబట్టలేక పడవల వడ్రంగి లాజరును పిలుచుకొచ్చాడు. లాజరు మాట్లాడే మనిషి కాదు. పడవను దుంగల మీదికి ఎక్కించాడు, పగుల్లోనూ విరిగిన కొసలోనూ గుడ్డలు కుక్కి బంకమట్టి మెత్తాడు, పక్క తోటలోంచి మోటారు పైపు లాగి పడవ నిండా నీళ్లు పట్టాడు. పడవ ఎక్కడ కారుతుందో తెలియాలంటే నీళ్లలో వేసి చూడనక్కర్లేదు, నీళ్లే దాన్లో పోస్తే చాలు. ఇద్దరూ వంగి అడుగంతా వెతికారు. గంట గడిచినా చుక్క రాలలేదు.

"ఏంది లాజరూ ఇది?" అన్నాడు మరియదాసు.

లాజరు పగుల్లోంచి గుడ్డలు పీకి, లోపలి చెక్క గోటితో గీరి చూపించాడు. "పాత పగులైతే లోపల నల్లబడి ఉంటది. ఇది చూడు, ఎంత పచ్చిగా ఉందో. ఈ పడవ పగిలి మునగలేదు బావా. మునిగాక రాళ్లకేసి కొట్టుకుని పగిలింది."

"మరి ఎందుకు మునిగింది?"

లాజరు ముందు వైపుకు నడిచాడు. పడవ ముందు కొసకు ఇంకా కట్టే ఉన్న మోకు అందుకుని, చేతులు బారజాపి కొలిచాడు. ఒకటి. రెండు. అక్కడితో మోకు అయిపోయింది. ఆ చివర రేవులోని ఇనుప కడ్డీకి వేసిన ముడి, ఒడ్డుకు లాగేటప్పుడు కడ్డీ మీంచి జార్చి తీసింది, అలాగే ఉంది. ఏరు మూడు నిలువులు పొంగింది. మోకు రెండే బారలు. పడవ పైకి లేవబోతే మోకు దాని ముక్కు పట్టుకుని నీళ్లలోకి గుంజేసింది.

 వరద హెచ్చరిక వచ్చిన సాయంత్రం మరియదాసు ధ్యాసంతా ఇంజను మీదే. దాన్ని విప్పి, భుజాన వేసుకుని కరకట్ట ఎక్కాడు. ముందుచూపున్న మనిషని అందరూ మెచ్చుకున్నారు కూడా. మోకు? కట్టాడు. ఎంత వదిలాడో గుర్తు తెచ్చుకుందామంటే ఎంతకీ రాదు. రోజూ కట్టినట్టే చేతులు కట్టేసి ఉంటాయి.

"నేనెవరికీ చెప్పను బావా," అన్నాడు లాజరు.

ఆ మాటతో అయోమయం వదలకపోగా రెట్టింపయింది. కొత్త పడవకు సరేనంటే నింద పాతదాని మీదే పోతుంది, తన పేరు పేరుగానే ఉంటుంది, బతుకూ సాగుతుంది. పాతదాన్ని బాగు చేయించుకుంటానంటే మాత్రం, అది ఎందుకు మునిగిందో ఎక్కేవాళ్లకు చెప్పాలి. చెబితే తనను ఎవరు నమ్ముతారు? కాసేపు తనకే తన మీద అసహ్యం వేసింది. కాసేపు, ఎవరైనా పొరపాటు పడరా అని సర్దిచెప్పుకున్నాడు. చివరికి తప్పదనుకుని కొత్తదానికే సిద్ధపడ్డాడు. ఆ ఒక్క ముక్కా చెప్పి బయటపడాలనుకున్నాడు.

శనివారం హనుమయ్య వచ్చాడు. పద్నాలుగు మందీ వచ్చారు. లాజరు గొడ్డలీ రంపమూ రెండూ తెచ్చుకుని ఓ పక్కన కూర్చున్నాడు.

"ఏం తేల్చావు దాసూ?" అన్నాడు హనుమయ్య.

మరియదాసు నోరు తెరిచేలోగా, ఆడవాళ్ల ముఠాకు పెద్దయిన శౌరమ్మ పడవను కాలితో తట్టింది. "ఇంకా తేల్చేదేముందండీ. ముదనష్టపు పడవ. మాయదారిది ఎప్పుడో మమ్మల్ని పొట్టన పెట్టుకునేది."

"దాన్నేమీ అనకు శౌరమ్మా," అన్నాడు మరియదాసు.  "దాని తప్పేం లేదు. మోకు కురచగా కట్టింది నేను. చుక్క కూడా కారటంలేదు, లాజరునడుగు. నేనే ముంచాను."

 లాజరు తలొంచుకునే అవునన్నట్టు ఊపాడు. శౌరమ్మ పడవ చుట్టూ ఒకసారి తిరిగింది, పగులు తడిమింది, మోకు చూసింది.

"అట్టయితే కొత్తదెందుకండీ హనుమయ్యగారూ? పడవ మంచిదేగా. దీన్నే బాగు చేయించండి," అంది.

మరియదాసుకు ఒక్కసారిగా ఊపిరాడింది. నిజం చెబితే ఇంత తేలికా! నిన్నటినుంచీ అనవసరంగా నలిగిపోయాననుకున్నాడు, కళ్లు కూడా తడిశాయి. శౌరమ్మ చెప్పడం ఇంకా అవలేదు.

"నడిపేదానికి మాత్రం ఇంకో మనిషిని చూడండి. ఏమనుకోకు అన్నా. పద్నాలుగు మందిమి. పిల్లలున్నోళ్లం."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాడు. హనుమయ్య వైపు చూశాడు. హనుమయ్య ఏటి వైపు చూస్తున్నాడు.

కాసేపటికి లాజరు రంపం పట్టుకుని లేచాడు. "పక్కబల్ల తీసేసి మొదలెట్టమంటారా?" అని అడిగాడు.

"మొదలెట్టు," అన్నాడు మరియదాసు.

లాజరు కదల్లేదు. హనుమయ్య "ఊఁ, కానీ" అన్నాక పని మొదలుపెట్టాడు. లాజరు అడిగింది ఎవరినో మరియదాసుకు అప్పుడు గాని అర్థం కాలేదు.