ఖాళీ ఇంటి ముగ్గు

నా భార్య పుష్పవల్లి పోయిన నాడు పట్నంలో, చూలై పేటలోని మా వాకిట ముగ్గు పడలేదు. మా ఇరవై రెండేళ్ల కాపురంలో అదే మొదటిసారి. చావు జరిగిన ఇంట ఆనాడు ముగ్గు వేయరని నాకు తెలుసు. అయినా పందొమ్మిది వందల యాభై మూడు కార్తీకంలోని ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది ఆ ఉత్త నేలే.

మూడు నెలలకు ఇల్లు ఖాళీ చేసి రాయపురంలో మా అమ్మాయి కోకిల దగ్గరికి చేరాను. అక్కడ వసారాలో నా పడక. చూలై ఇల్లు అమ్మితే మేడమీద నాకొక గది వేయవచ్చని అల్లుడన్నాడు. నాకూ అదే కావాలి. మనిషికి తలుపు వేసుకుని కూర్చునే చోటొకటి ఉండాలి.

దళారి అరుముగం ఇద్దరిని కుదిర్చాడు. ఇద్దరూ సరేనని, మర్నాడే వద్దన్నారు. మూడో ఆయన ఇనుప సామాను కొట్టు చెంగల్రాయుడు. ఆయనా వెనక్కి తగ్గాడు.

“ఏంది సార్, లోపల బాడుగకు మనిషిని పెట్టుకొని ఖాళీ అంటుండారే?” అన్నాడు అరుముగం. “ఆయన పొద్దున్నే పోయి చూసినాడంట. వాకిట్లో ఇంత ముగ్గుండాదంట. ముందొచ్చినోళ్లదీ ఇదే మాట.”

బాడుగవాడు లోపలుంటే కోర్టుకెక్కినా కదలడని పట్నంలో ఇల్లు కొనేవాళ్లందరికీ భయం.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాను. పక్కింటి మునియక్క ముగ్గుడబ్బా పట్టుకుని మా గడప ముందు వంగి ఉంది. కొళాయి దగ్గర బిందెల వరసలో మొదలైన స్నేహం ఆమెకూ పుష్పవల్లికీ. నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. చెప్పులు విడిచాను, మళ్లీ తొడుక్కున్నాను.

“ఏం అయ్యోరా, బళ్లో అరవైమంది పిల్లకాయల్ని కూర్చోబెడతారే, నాతో మాట్లాడేదానికి నోరు రాలేదా?” తలెత్తకుండానే అంది.

“ఈ ముగ్గు చూసి, మునియక్కా, కొనేవాళ్లు...”

“నిన్ననే చెప్పినాడులే అరుముగం. మీరు సామాను బండికెక్కించిన మర్నాటినించీ ఏస్తుండా. లోపల ఎవురూ లేరని దాని వాకిలి బోసిపోవల్నా? ఆ కొనేవోడు యాడుంటాడు?”

చెంగల్రాయుడి ఇల్లు రెండు వీధుల అవతల. చెంగుకు చెయ్యి తుడుచుకుని ఆమె ముందు నడిచింది. ఆయన అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు.

“ఏం నాయనా, ముగ్గును చూసి పారిపోయిన మొగోడివి నువ్వేనా?”

లోపలినుంచి ఆయన భార్య మంగ నవ్వు వినిపించింది.

“దాన్ని ఏసేది నేను. ఆడ బాడుగోడూ లేడు, బల్లీ లేదు. రా, అయ్యోరు తలుపు తీస్తారు.”

మంగ కూడా వచ్చింది. ఆయన ఖాళీ గదులన్నీ తిరిగి చూశాడు. ఆమె వాకిట్లోనే ఆగిపోయింది.

“ఎన్ని చుక్కలక్కా ఇది?”

“పందొమ్మిది. నాది కాదు, పుష్పవల్లిది. నీకూ నేర్పిస్తాలే. ముందు మీ ఆయన్ని అడ్వాన్సు ఇమ్మను.”

చెంగల్రాయుడు నవ్వాడు. నేనూ నవ్వాను.

వేసవి సెలవుల్లో రిజిస్ట్రేషన్ అయింది. మేడమీద గది పూర్తయింది. కోకిల దానికి తూర్పున కిటికీ పెట్టించింది. పొద్దున పూట హాయిగా ఉంటుంది. మంగ ముగ్గు నేర్చుకుందనీ, రోజూ తనే వేస్తోందనీ, వచ్చి చూసిపొమ్మనీ మునియక్క కబురు పంపింది.

నేనింకా వెళ్లలేదు.